బ్యాటరీ మీది అంకె ఏం లెక్కపెడుతోంది

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఒడిశాలోని గజపతి జిల్లా మీద విరుచుకుపడింది. స్తంభాలు కూలి, తీగలు తెగి పర్లాకిమిడి చుట్టుపక్కల ఊళ్లు చీకట్లో పడ్డాయి. అంతకు ఐదేళ్ల ముందు, 2013 అక్టోబరు 12 రాత్రి, గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్ బరంపురానికి అదే గతి పట్టించింది. అలాంటి రాత్రులు చూసిన ఇళ్లలో ఇన్వర్టర్ దర్జాకు పెట్టుకునే వస్తువు కాదు. పవర్ బ్యాంక్ కూడా అంతే. రెండింటినీ కొనేటప్పుడు దుకాణంలో అందరూ చూసేది ఒకే ఒక్క అంకె. ఇన్వర్టర్ బ్యాటరీ అయితే 150 ఏహెచ్, పవర్ బ్యాంక్ అయితే 10,000 ఎంఏహెచ్. అంకె పెద్దదైతే సరుకు మంచిదని లెక్క.

ఏహెచ్ అంటే ఆంపియర్-అవర్. అది విద్యుదావేశానికి, అంటే ఛార్జ్‌కి కొలత. ఒక ఆంపియర్ కరెంటు గంటసేపు పారితే ఎంత ఛార్జ్ దాటిందో అదే ఒక ఏహెచ్. పాఠ్యపుస్తకంలో ఛార్జ్‌కి ప్రమాణం కూలుంబు: ఒక ఆంపియర్ ఒక్క సెకను పారితే ఒక కూలుంబు. గంటకు 3600 సెకన్లు కాబట్టి ఒక ఏహెచ్‌కి 3600 కూలుంబులు. అందులో వెయ్యో వంతు అయిన ఎంఏహెచ్‌కి 3.6 కూలుంబులు. ఈ లెక్కన నూటయాభై ఏహెచ్ బ్యాటరీ 5,40,000 కూలుంబులు, అయిదు వేల ఎంఏహెచ్ ఫోన్ 18,000 కూలుంబులు. మార్పిడి అంతే. ఎనిమిదో తరగతి పిల్లవాడు కాగితం లేకుండా చేసేస్తాడు.

మరి పవర్ బ్యాంక్ మీద పదివేలు అని ఉంటే, అయిదువేల ఫోన్‌కి రెండుసార్లు రావాలి కదా, ఒకటిన్నరకే ఎందుకు చేతులెత్తేస్తుంది? కంపెనీ మోసం చేసిందనే చాలామంది అనుకుంటారు. నిజానికి అక్కడ తప్పింది కొన్నవాళ్ల లెక్క. గుణకారంలో పొరపాటు లేదు. ఏ వస్తువును లెక్కపెడుతున్నామో చూసుకోకపోవడమే పొరపాటు.

పర్లాకిమిడి, గుణుపూర్ వైపు తెలుగు పల్లెల్లో పాతతరానికి కుంచం, అడ్డ, మానిక ఇంకా నోటి మీదే ఉంటాయి. కుంచానికి రెండు అడ్డలు, అడ్డకు రెండు మానికలు. వడ్లయినా, చోళ్లయినా, కందులైనా ఈ లెక్క మారదు. కానీ ‘కుంచం ఎన్ని కిలోలు?’ అని అడగండి. ‘ఏం గింజలు?’ అని ఎదురు ప్రశ్న వస్తుంది. కుంచెడు చోళ్లు కుంచెడు వడ్ల కంటే బరువు తూగుతాయి. కుంచాన్ని అడ్డల్లోకి మార్చడం ఒకే రకం కొలతలో జరిగే పని. కుంచాన్ని కిలోల్లోకి మార్చడం మరో కొలతలోకి దాటడం, దానికి గింజ ఏదో తెలియాలి.

ఏహెచ్‌ని కూలుంబుల్లోకి మార్చడం మొదటి రకం. ఏహెచ్‌ని బట్టి ఫ్యాన్ ఎన్ని గంటలు తిరుగుతుందో చెప్పడం రెండో రకం. ఫ్యాన్ తిరగడానికి కావాల్సింది శక్తి. దాన్ని వాట్-అవర్లలో కొలుస్తారు. వెయ్యి వాట్-అవర్లు అయితే కరెంటు బిల్లులో ఒక యూనిట్. ఛార్జ్ నుంచి శక్తికి వెళ్లాలంటే వోల్టేజీతో గుణించాలి. ఇక్కడ వోల్టేజీయే గింజ.

పవర్ బ్యాంక్ లోపలి సెల్ 3.7 వోల్టులది. దాని మీద రాసే 10,000 ఎంఏహెచ్ ఆ 3.7 వోల్టుల దగ్గరి లెక్క. శక్తిలో అది 37 వాట్-అవర్లు. బయటికి వచ్చేది మాత్రం యూఎస్‌బీ తీగలో 5 వోల్టుల దగ్గర. అదే 37 వాట్-అవర్లను 5తో భాగిస్తే 7,400 ఎంఏహెచ్. వోల్టేజీ పెంచే సర్క్యూట్ తన వంతు కొంత వేడిగా పోగొడుతుంది కాబట్టి చేతికి అందేది ఇంకా తక్కువ. అటు ఫోన్ బ్యాటరీ 3.85 వోల్టుల దగ్గర 5,000 ఎంఏహెచ్, అంటే 19.25 వాట్-అవర్లు. దారిలో నష్టం 15 శాతం అనుకున్నా పవర్ బ్యాంక్ ఇచ్చేది 31 చిల్లర. దాన్ని 19.25తో భాగిస్తే 1.6. ఒకటిన్నరసార్లు అని అనుభవం చెప్పిందే లెక్క కూడా చెప్పింది. కొన్ని పవర్ బ్యాంకుల వెనక సన్నటి అక్షరాల్లో ‘రేటెడ్ కెపాసిటీ’ అని ఆరువేలకు అటూ ఇటూగా మరో అంకె ఉంటుంది. అది అయిదు వోల్టుల దగ్గరి అంకె. రెండు అంకెలూ నిజమే. ముందు వైపు పెద్ద అక్షరాల్లో ఏది వేయాలో కంపెనీకి బాగా తెలుసు.

విమానాశ్రయం వాళ్లు ఈ అంకెలాటలో పడరు. చేతిసంచిలో తీసుకెళ్లే పవర్ బ్యాంకుకి హద్దు వంద వాట్-అవర్లు. ఎంఏహెచ్‌లోకి మారిస్తే 3.7 వోల్టుల సెల్‌కి అది సుమారు 27,000 అవుతుంది. ఇరవై వేలది 74 వాట్-అవర్లు, ఇబ్బంది లేదు. ముప్పై వేలది 111, దానికి విమాన సంస్థ అనుమతి కావాలి. మంట పుట్టించేది శక్తి కాబట్టి నిబంధన కూడా శక్తి మీదే పెట్టారు.

ఇన్వర్టర్ లెక్కలో ఇంకో మెలిక ఉంది. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలో కాగితం మీద 1,800 వాట్-అవర్లు, అంటే ఒకటీ ముప్పావు యూనిట్లకు కాస్త పైన. ఇంట్లో 70 వాట్ల ఫ్యాన్లు మూడు, 9 వాట్ల ఎల్ఈడీలు అయిదు వేస్తే 255 వాట్లు. భాగిస్తే ఏడు గంటలు. ఇప్పుడు నష్టాలు చూడాలి. డీసీని ఏసీ చేయడంలో ఇన్వర్టర్ 20 శాతం తినేస్తే బ్యాటరీ నుంచి 320 వాట్ల దాకా లాగుతుంది. బ్యాటరీని అడుగంటా ఖాళీ చేస్తే తొందరగా పాడవుతుంది కాబట్టి 80 శాతం దగ్గర ఆగాలి. ఏడు గంటలు నాలుగున్నరకు దిగాయి.

అక్కడితోనూ అయిపోలేదు. బ్యాటరీ మీద 150 ఏహెచ్ పక్కనే ‘సీ20’ అని చిన్నగా ఉంటుంది. ఇరవై గంటల పాటు నింపాదిగా 7.5 ఆంపియర్ల చొప్పున తీసుకుంటేనే 150 వస్తుందని దాని అర్థం. పైన చెప్పిన ఇంట్లో బ్యాటరీ నుంచి తీస్తున్నది దాదాపు 27 ఆంపియర్లు. సీసం-ఆమ్లం బ్యాటరీని అంత వేగంగా పిండితే లోపలి రసాయన చర్య పలకల లోతుకు చేరేలోపే వోల్టేజీ పడిపోతుంది. వేగం పెరిగే కొద్దీ దక్కే ఛార్జ్ తగ్గుతుందన్న ఈ సంగతికి 1897లో పాయికెర్ట్ అనే జర్మన్ శాస్త్రవేత్త సూత్రం కట్టాడు. కాబట్టి నాలుగున్నర కూడా పూర్తిగా నమ్మదగ్గది కాదు. నాలుగు గంటలకు కాస్త ఇటూ అటూ అనుకోవడం మేలు. ‘సీ10’ అని రాసిన 150 ఏహెచ్ బ్యాటరీ, ‘సీ20’ 150 కంటే గట్టిదని దీన్నిబట్టే తెలుస్తుంది. సోలార్‌కి అమ్మే బ్యాటరీల మీద ఎక్కువగా సీ10 ఉంటుంది. రెండూ 150యే కదా అని ధర ఒక్కటే పోల్చి బేరం ఆడితే నష్టం కొన్నవాళ్లదే.

ఈ-రిక్షాల దగ్గర మరో పొరపాటు వినిపిస్తుంది. సీటు కింద 12 వోల్టులవి, 100 ఏహెచ్‌వి నాలుగు బ్యాటరీలు ఉంటే ‘మొత్తం నాలుగొందల ఏహెచ్’ అనేస్తారు. వాటిని వరసగా, సిరీస్‌లో కలుపుతారు. అలా కలిపితే కూడేది వోల్టులు మాత్రమే. అది 48 వోల్టుల 100 ఏహెచ్ బ్యాటరీ. గజపతి, రాయగడ కొండల్లో సవరలు కట్టే మెట్ల పొలాలను చూసినవారికి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. పై మడిలోంచి వదిలిన నీరు నాలుగు మడులు దిగితే దిగిన ఎత్తు నాలుగింతలవుతుంది. అంతేకానీ నీరు నాలుగింతలు కాదు. అదే నీరు ప్రతి గట్టునూ దాటింది. సిరీస్‌లో ప్రతి బ్యాటరీ గుండా పోయేది ఒకే ఛార్జ్. సమాంతరంగా, ప్యారలల్‌లో కలిపితే అప్పుడు ఏహెచ్‌లు కూడుతాయి, వోల్టులు 12 దగ్గరే ఉండిపోతాయి. ఎలా కలిపినా శక్తి మాత్రం 4.8 యూనిట్లే.

ఈ గందరగోళంలో భాషకూ వాటా ఉంది. ‘కరెంటు పోయింది’ అంటే సరఫరా పోయిందని. భౌతికశాస్త్రంలో కరెంటు అంటే సెకనుకు పారే ఛార్జ్. ‘ఫోన్‌లో ఛార్జ్ 40 ఉంది’ అంటే మనసులో ఉన్నది ఇంకెంతసేపు పనిచేస్తుందనే, అంటే శక్తి. పవర్ బ్యాంక్ దాచేది పవర్‌ని కాదు, శక్తిని. పవర్ అంటే శక్తి ఖర్చయ్యే వేగం. ఇక తెలుగు పుస్తకంలో ఛార్జ్‌కి ‘ఆవేశం’ అని పెట్టారు. ఫోన్‌కి ఆవేశం ఎక్కించమని ఏ ఇంట్లోనూ ఎవరూ అనరు. ఆ మాట వినగానే గుర్తొచ్చేది పక్కింటివాళ్లతో గట్టు తగాదా. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, ప్లస్ టూకి వచ్చేసరికి ఇంగ్లీషు. ఇలా మూడు భాషల్లో ఒకే సంగతిని మోసుకొచ్చే సరిహద్దు పిల్లలకు ఇంగ్లీషు మాటే నిలకడగా అనిపిస్తే వాళ్ల తప్పేమీ లేదు.

ఛార్జ్ వేరు, శక్తి వేరు అన్నది పిడుగు దగ్గర తేటతెల్లం అవుతుంది. ఒడిశా ప్రభుత్వం 2015లోనే పిడుగుపాటును రాష్ట్ర స్థాయి విపత్తుగా ప్రకటించింది. వానలకు ముందు పొలాల్లో పిడుగు పడి మనుషులు, పశువులు పోయిన వార్త లేని ఏడాది ఇక్కడ ఉండదు. అంత భీకరమైన పిడుగులో ఛార్జ్ ఎంత? మామూలు మెరుపు ఒకటి నేలకు దించేది సుమారు 20 కూలుంబులు. 3.6తో భాగిస్తే ఐదున్నర ఎంఏహెచ్! చేతిలోని ఫోన్ పూర్తిగా ఖాళీ అయ్యేలోపు దాని గుండా ప్రవహించే ఛార్జ్ 900 పిడుగులకు సమానం.

అంకె తప్పు కాదు. పిడుగు ఆ కాసింత ఛార్జ్‌నీ కోట్ల వోల్టుల ఎత్తు నుంచి వదులుతుంది. ఒక్కో దెబ్బలో కరెంటు 30,000 ఆంపియర్ల దాకా లేచి, సెకనులో వెయ్యో వంతు కూడా గడవక ముందే పడిపోతుంది. పాఠ్యపుస్తకంలో శక్తికి ప్రమాణం జౌలు, ఒక వాట్-అవర్‌కి 3600 జౌళ్లు. ఒక మెరుపులో మొత్తం శక్తి వంద కోట్ల జౌళ్ల స్థాయిలో ఉంటుంది. ఫోన్ బ్యాటరీలో ఉన్నది 70 వేల జౌళ్ల లోపే. ఛార్జ్‌లో పిడుగు ఫోన్ కంటే తొమ్మిది వందల వంతు చిన్నది, శక్తిలో పద్నాలుగు వేల రెట్లు పెద్దది. పోనీ ఆ పిడుగును పట్టి ఇంట్లో దాచుకుందామా అంటే వంద కోట్ల జౌళ్లంటే 278 యూనిట్లు. చిన్న ఇంటికి రెండు మూడు నెలల బిల్లు. అందులోనూ ఎక్కువ భాగం గాలిని వేడెక్కించి ఉరుముగా మార్చడానికే పోతుంది.

ఇక్కడ ఒక పదునైన విద్యార్థికి అనుమానం రావాలి. కూలుంబు నియమం ప్రకారం ఒక మీటరు దూరంలో ఉన్న ఒక్కో కూలుంబు ఛార్జ్‌లు రెండు ఒకదాన్నొకటి 900 కోట్ల న్యూటన్ల బలంతో నెడతాయి. తొమ్మిది లక్షల టన్నుల బరువుతో సమానం. మరి జేబులో 18,000 కూలుంబుల ఫోన్, ఎదుటివాడి జేబులో ఇంకో 18,000 పెట్టుకుని ఇద్దరూ బస్సులో పక్కపక్కన ఎలా కూర్చోగలుగుతున్నారు?

బ్యాటరీలో ఛార్జ్ నిల్వ ఉండదు కాబట్టి. నిండు బ్యాటరీలోనూ, ఖాళీ బ్యాటరీలోనూ ధన, రుణ ఛార్జ్‌లు సరిసమానం. నిల్వ ఉన్నది రసాయన శక్తి. ఆ శక్తి ఎలక్ట్రాన్లను ఒక కొసనుంచి తోసి, బయటి తీగలో తిప్పి, రెండో కొస దగ్గర లోపలికి తీసుకుంటుంది. ఏహెచ్ అంకె చెప్పేది ఈ తిరుగుడు మొత్తం మీద ఎంత ఛార్జ్ దాటుతుందన్నది. వంతెన మీద రోజుకు వెయ్యి బళ్లు దాటాయంటే వంతెన మీద వెయ్యి బళ్లు నిలబడ్డాయని కాదు కదా.

నిజంగా మిగులు ఛార్జ్ పేరుకున్న చోట అంకెలు చాలా చిన్నవి. కోరాపుట్ పీఠభూమి మీద డిసెంబరు పొడిచలిలో స్వెట్టర్ విప్పితే చిటపటలాడుతుంది. అప్పుడు ఒంటి మీద చేరే ఛార్జ్ మైక్రోకూలుంబుల్లో, అంటే కూలుంబులో పది లక్షల వంతుల్లో ఉంటుంది. ప్లస్ టూ పుస్తకంలో స్థిర విద్యుత్తు లెక్కలన్నీ మైక్రో, నానో, పికోల్లో నడిచేది ఇందుకే. అక్కడ మిల్లీని మైక్రో అని చదివితే వెయ్యింతల తప్పు. బలం లెక్కలో రెండు ఛార్జ్‌లను గుణిస్తారు కాబట్టి రెండింటా అదే పొరపాటు చేస్తే జవాబు పది లక్షలింతలు తప్పుతుంది. సీలింగ్ ఫ్యాన్ కండెన్సర్ ఒక మంచి ఉదాహరణ. దుకాణంలో ‘రెండున్నర కండెన్సర్’ అని అడుగుతారు, అది రెండున్నర మైక్రోఫారడ్, అంటే ఒక్కో వోల్టుకి రెండున్నర మైక్రోకూలుంబులు పట్టేది. 230 వోల్టుల సరఫరాలో వోల్టేజీ గరిష్ఠంగా 325కి చేరినప్పుడు దాని ఒక్కో పలక మీద చేరేది 800 మైక్రోకూలుంబులకు కాస్త పైన. మిల్లీల్లో ఒకటి కూడా నిండదు. అయినా ముట్టుకుంటే గట్టిగానే కొడుతుంది.

ఛార్జ్‌కి ఇన్ని ప్రమాణాలు ఎందుకు పుట్టాయంటే, ఒక్కో పనివాళ్లు ఒక్కో వైపు నుంచి దాన్ని పట్టుకున్నారు. 1881లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ విద్యుత్ సభలో కూలుంబు అన్న పేరు ఖాయమైంది. 1785లో విద్యుత్ బలాలను మెలితిరిగే తీగ త్రాసుతో కొలిచిన ఫ్రెంచి ఇంజనీరు పేరది. పేరు పెట్టారు సరే, ఏ ఊళ్లోనైనా సరిచూసుకునేలా కొలవడం ఎలా? వెండితో కొలిచారు. సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో కరెంటు పంపితే పలక మీద వెండి పేరుకుంటుంది. సెకనుకు 1.118 మిల్లీగ్రాముల వెండి చేరితే అది ఒక ఆంపియర్ అని 1893లో షికాగోలో ఒప్పుకున్నారు, 1908లో లండన్‌లో ఖరారు చేశారు. అంటే ఒక కూలుంబు ఖరీదు 1.118 మిల్లీగ్రాముల వెండి. పాత తులం 11.66 గ్రాములు కాబట్టి తులం వెండి పేరుకోవాలంటే దాదాపు 10,430 కూలుంబులు, అంటే 2.9 ఏహెచ్ కావాలి. ఇప్పుడు నగల దుకాణాల్లో తులం అంటే పది గ్రాములే, పేరు అదే, తూకం మారింది. కూలుంబుకీ కొంత అలాంటిదే జరిగింది. 1948లో ఆంపియర్‌ని రెండు తీగల మధ్య బలంతో నిర్వచించినప్పుడు, వెండి లెక్క ఆంపియర్ కొత్తదానికంటే పదివేలలో ఒకటిన్నర వంతు తక్కువని తేలింది. బ్యాటరీ దుకాణానికి పట్టని తేడా. ప్రయోగశాలల్లో మాత్రం పాత పట్టికలన్నీ దిద్దుకోవాల్సి వచ్చింది.

పాత భౌతికశాస్త్ర గ్రంథాల్లో ఇంకో రెండు ప్రమాణాలు కనిపిస్తాయి. సెంటీమీటరు దూరంలో ఉన్న రెండు సమానమైన ఛార్జ్‌లు ఒక డైన్ బలంతో నెట్టుకుంటే ఒక్కొక్కటీ స్టాట్‌కూలుంబు. కరెంటు పారే తీగల మధ్య అయస్కాంత బలం నుంచి మొదలుపెడితే వచ్చేది ఆబ్‌కూలుంబు. మొదటిది నిలిచి ఉన్న ఛార్జ్‌ని చూస్తుంది, రెండోది కదిలేదాన్ని. ఒక ఆబ్‌కూలుంబు అంటే పది కూలుంబులు. ఒక కూలుంబు అంటే సుమారు 300 కోట్ల స్టాట్‌కూలుంబులు, కచ్చితంగా కావాలంటే 2.998×10⁹.

ఈ 2.998ని ఎక్కడో చూసినట్టుందా? చూసే ఉంటారు. కాంతి వేగం సెకనుకు 2.998×10¹⁰ సెంటీమీటర్లు. ఒక ఆబ్‌కూలుంబులో ఉండే స్టాట్‌కూలుంబుల సంఖ్య సరిగ్గా అదే. 1856లో వెబర్, కోల్‌రౌష్ అనే ఇద్దరు జర్మన్ శాస్త్రవేత్తలు లేడెన్ జాడీలో, అంటే ఛార్జ్‌ని పట్టి ఉంచే గాజు జాడీలో చేర్చిన ఒకే ఛార్జ్‌ని రెండు పద్ధతుల్లోనూ కొలిచారు. ఒకసారి అది నెట్టే బలంతో, ఇంకోసారి దాన్ని తీగలోకి వదిలి అది అయస్కాంతపు సూదిని ఎంత కదిలించిందో చూసి. వాళ్లు చేసింది అక్షరాలా ప్రమాణాల మార్పిడి. రెండు కొలతల నిష్పత్తికి వేగం రూపం వచ్చింది. వాళ్ల ఫలితం నుంచి భౌతికశాస్త్రవేత్త మాక్స్‌వెల్ తేల్చిన విలువ సెకనుకు 3,10,740 కిలోమీటర్లు. ఫ్రెంచి శాస్త్రవేత్త ఫిజో 1849లో పళ్లచక్రం తిప్పి కొలిచిన కాంతి వేగం, మాక్స్‌వెల్ తీసుకున్న అంకె ప్రకారం, 3,14,858. విద్యుత్తుతో, అయస్కాంతంతో తీసిన అంకె కాంతి దగ్గరికి వచ్చి నిలబడింది. కాంతి కూడా విద్యుదయస్కాంత తరంగమేనని మాక్స్‌వెల్ 1860లలో అనగలిగింది ఈ ఆధారంతోనే. ప్రమాణాల మార్పిడి అంటే పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న అనుకునేవారు ఈ ఒక్క ఘట్టాన్ని తెలుసుకుంటే చాలు.

అయితే స్టాట్‌కూలుంబుకీ కూలుంబుకీ మధ్య సమానం గుర్తు పెట్టడం కచ్చితంగా చూస్తే సరికాదు. కూలుంబు వెనక ఆంపియర్ అనే ప్రత్యేక ప్రమాణం ఉంది. స్టాట్‌కూలుంబు కేవలం సెంటీమీటరు, గ్రాము, సెకన్లతో అల్లినది. గంటకీ సెకనుకీ ఉన్న చుట్టరికం లాంటిది కాదు వీటిది. ఇది ఇంతకు సరిపోతుంది అనడమే సబబు.

మార్పిడులన్నిటి కిందా ఇప్పుడు ఎలక్ట్రాన్ ఉంది. 2019 మే 20 నుంచి దాని ఛార్జ్ విలువ 1.602176634×10⁻¹⁹ కూలుంబులు అని కచ్చితంగా స్థిరపరిచారు. అంతకుముందు కూలుంబుతో ఎలక్ట్రాన్‌ని కొలిచేవారు, ఇప్పుడు ఎలక్ట్రాన్‌తో కూలుంబును కొలుస్తున్నారు. తలకిందులు చేస్తే ఒక కూలుంబుకి 6.2415×10¹⁸ ఎలక్ట్రాన్లు, మన లెక్కలో దాదాపు 62,415 కోట్ల కోట్లు. భాగాహారం చివరిదాకా చేస్తే ఈ సంఖ్య 62,41,50,90,74,46,07,62,607 దగ్గర కూడా ఆగదు, ఆ తర్వాత దశాంశంలో .776 వస్తుంది. ముప్పావు ఎలక్ట్రాన్ అంటూ ఉండదు కాబట్టి లెక్కకు సరిగ్గా ఒక కూలుంబు మిగులు ఛార్జ్‌ని ఎక్కడా పోగుచేయలేరు. ఇంకో చిత్రం ఏమిటంటే, ఈ మార్పుతో స్టాట్‌కూలుంబు నిష్పత్తి చివరి అంకెలు నిర్వచనం చేతిలోంచి ప్రయోగం చేతిలోకి వెళ్లాయి.

ఎలక్ట్రాన్లను విడివిడిగా కాక రసాయనవేత్తల మోల్‌గా, అంటే 6.022×10²³గా లెక్కపెడితే ఇంకో ప్రమాణం వస్తుంది, అదే ఫారడే. ఒక ఫారడే 96,485 కూలుంబులు, లేదా 26.8 ఏహెచ్. ఏ లోహం ఎంత కావాలంటే ఎంత ఛార్జ్ పంపాలో చెప్పేది ఇదే. కోరాపుట్ జిల్లా వాళ్లకు దీని అవసరం ఇంటి ముందే ఉంది. పంచపత్మాలి కొండ మీద తవ్విన బాక్సైట్ దామన్‌జోడిలోని నాల్కో శుద్ధి కర్మాగారంలో తెల్లటి అల్యూమినా పొడి అవుతుంది. దాన్ని అల్యూమినియం చేయాలంటే ఒక్కో పరమాణువుకి మూడు ఎలక్ట్రాన్లు ఇవ్వాలి. 27 గ్రాముల అల్యూమినియానికి మూడు ఫారడేలు, అంటే 80.4 ఏహెచ్. కిలోకి సుమారు 2,980 ఏహెచ్. ఇంట్లో వాడే నూటయాభై బ్యాటరీలు ఇరవై కావాలి, ఒక్క కిలో లోహానికి.

ఇరవై బ్యాటరీల్లో 36 యూనిట్ల శక్తి ఉంటుంది. కానీ అల్యూమినియం తొట్టి నడిచేది నాలుగు వోల్టులకు కాస్త పైన, 12 దగ్గర కాదు. అందుకని అదే ఛార్జ్‌కి పదమూడు పద్నాలుగు యూనిట్లు సరిపోతాయి, కొంత కరెంటు వృథా పోయినా సరే. అది కూడా తక్కువేమీ కాదు, టన్నుకి పదమూడు వేల యూనిట్ల పైమాట. బాక్సైట్ కొండ ఇక్కడుంటే లోహం తీసే కర్మాగారాన్ని దామన్‌జోడిలో కాకుండా తాల్చేరు బొగ్గు పక్కన, అంగుల్‌లో పెట్టారు. పొడిని రైల్లో అక్కడికి చేర్చడం, అంత కరెంటును కొండల మీదికి తేవడం కంటే తేలిక. మిగిలిన అల్యూమినా విశాఖ రేవుకు దిగి ఓడ ఎక్కుతుంది.